స్పానిష్ భాషాసాహిత్య అధ్యయనం: మాడ్రిడ్ చరిత్రాధ్యయన కేంద్రం – నిర్మాణం, విచ్ఛేదం, కొనసాగింపు

ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయంలో ఒక భాషకు శాఖ ఏర్పడినప్పుడు ఆ శాఖ ఏమి బోధించాలన్న ప్రశ్న మొదటి రోజు నుంచే ఎదురవుతుంది. కావ్యాలు చదవడమా, ఆ కావ్యాలు వెలసిన భాషను పరిశీలించడమా? వ్రాతప్రతుల్లో నిలిచిన రూపాలు ప్రమాణమా, పల్లెల్లో వినిపించే రూపాలు ప్రమాణమా? ఈ ప్రశ్నలకు స్పానిష్ భాష విషయంలో ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో ఒక స్పష్టమైన సమాధానం రూపొందింది. మాడ్రిడ్‌లో 1910లో స్థాపితమైన చరిత్రాధ్యయన కేంద్రం భాషనూ సాహిత్యాన్నీ విడదీయకుండా ఒకే శాస్త్రంగా అధ్యయనం చేసింది. ఆ శాస్త్రాన్ని వారు ఫిలాలజీ అన్నారు. పాఠపరిష్కరణ, చారిత్రక వ్యాకరణం, ధ్వనిశాస్త్రం, మౌఖిక గేయ సేకరణ, కావ్యవిమర్శ అన్నీ అందులో భాగాలు.

ఆ కేంద్రం ఆయుర్దాయం మూడు దశాబ్దాలు కూడా లేదు. 1936లో మొదలైన అంతర్యుద్ధం దానిని చెదరగొట్టింది. అయినా అక్కడ రూపొందిన పద్ధతి బ్యూనస్ ఎయిర్స్, మెక్సికో, న్యూయార్క్, ప్రిన్‌స్టన్, హార్వర్డ్, కరాకస్ నగరాలకు చేరి నేటి స్పానిష్ అధ్యయనానికి పునాదిగా నిలిచింది. ఒక సంస్థ కూలినా ఒక విద్య ఎలా నిలిచింది? నిలిచే క్రమంలో దాని స్వభావం ఎలా మారింది? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వరంగం: సాలమాంకా నుంచి సాంతియాగో వరకు

స్పానిష్ వ్యాకరణ చరిత్ర ఆంతోనియో దె నెబ్రిహాతో మొదలవుతుంది. సాలమాంకా విశ్వవిద్యాలయంలో బోధించిన ఈ లాటిన్ పండితుడు 1492లో కాస్తీలియన్ భాషకు వ్యాకరణం ప్రచురించారు. ఆధునిక ఐరోపా భాషల్లో ముద్రితమైన తొలి వ్యాకరణంగా దీనికి ప్రసిద్ధి ఉంది. రాణి ఇసబెల్‌కు అంకితమైన ఈ గ్రంథం పీఠికలో భాష ఎల్లప్పుడూ సామ్రాజ్యానికి తోడుగా నడిచిందన్న భావాన్ని ఆయన ప్రతిపాదించారు. గ్రానడా పతనం, కొలంబస్ తొలి యాత్ర కూడా అదే సంవత్సరంలో జరగడంతో ఆ భావానికి తరువాతి కాలంలో ఎనలేని ప్రచారం వచ్చింది. అయితే ఆ వ్యాకరణానికి ఆయన జీవితకాలంలో పునర్ముద్రణ లేదు. విశ్వవిద్యాలయంలో బోధనాంశం లాటినే. మాతృభాషకు వ్యాకరణం ఎందుకన్నది ఆనాటి పండితుల భావన.

1713లో స్థాపితమైన స్పానిష్ రాజ అకాడమీ 1726–1739 మధ్య 6 సంపుటాల నిఘంటువును వెలువరించింది. ప్రతి పదానికీ రచయితల ప్రయోగాలను ప్రమాణంగా చూపడం దాని విశిష్టత. 1779లో తొమాస్ ఆంతోనియో సాంచెస్ సిద్ వీరగాథను తొలిసారి ముద్రించారు. స్పెయిన్‌కు వెలుపల హార్వర్డ్‌లో బోధించిన జార్జ్ టిక్నర్ 1849లో 3 సంపుటాల స్పానిష్ సాహిత్య చరిత్ర ప్రచురించారు. స్పెయిన్‌లో హోసే అమాదోర్ దె లోస్ రియోస్ 1861–1865 మధ్య 7 సంపుటాల విమర్శనాత్మక సాహిత్య చరిత్ర రచించారు. మార్సెలీనో మెనెందెజ్ పెలాయో 1878లో, 22 ఏళ్ల వయసులోనే, మాడ్రిడ్‌లో సాహిత్య చరిత్ర పీఠాన్ని అధిష్ఠించారు. అంటే పందొమ్మిదో శతాబ్ది చివరికి సాహిత్య చరిత్రకు విశ్వవిద్యాలయంలో స్థానం ఉంది. భాషాచరిత్రకు లేదు. ఫ్రీడ్రిష్ డీట్స్ బాన్ నగరంలో లాటిన్ పుత్రికా భాషల తులనాత్మక వ్యాకరణాన్ని నిర్మించి అర్ధశతాబ్ది గడిచినా, స్పానిష్ భాషకు ఆ పద్ధతిలో స్వదేశంలో చరిత్ర వెలువడలేదు.

ఈ లోటును మొదట గుర్తించినవారిలో అమెరికా ఖండపు పండితులు ముఖ్యులు. కరాకస్‌లో జన్మించిన ఆంద్రెస్ బెయ్యో 1810 నుంచి 1829 వరకు లండన్‌లో ఉండి సిద్ గాథను అధ్యయనం చేశారు. తరువాత చిలీకి చేరి 1843లో సాంతియాగోలోని చిలీ విశ్వవిద్యాలయానికి తొలి రెక్టర్ అయ్యారు. 1847లో ఆయన ప్రచురించిన వ్యాకరణం అమెరికా ఖండవాసుల ఉపయోగానికని పేరులోనే ప్రకటించుకుంది. స్పానిష్ క్రియకు లాటిన్ వ్యాకరణపు చట్రం తొడగకుండా, ఆ భాషలోని అన్వయాన్ని బట్టి కాలవ్యవస్థను వివరించడం దాని ప్రధాన లక్షణం. బొగొతాకు చెందిన రుఫీనో హోసే క్వేర్వో తమ నగర వ్యవహారాన్ని పరిశీలించి 1867 నుంచి వ్యాసాలు వెలువరించారు. ఆపై ప్రతి పదం వాక్యంలో ఏ అన్వయాన్ని కోరుతుందో చూపే నిఘంటువుకు ఉపక్రమించారు. 1886, 1893 సంవత్సరాల్లో 2 సంపుటాలు వెలువడ్డాయి. 1911లో ఆయన పారిస్‌లో మరణించే నాటికి పని ‘డి’ అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఆయన పేరుతో బొగొతాలో ఏర్పడిన సంస్థ దానిని 1994లో పూర్తి చేసింది. ఒక నిఘంటువు పూర్తికావడానికి శతాబ్దం పట్టిందంటే వ్యక్తి సామర్థ్యం కన్న సంస్థాగతమైన కొనసాగింపు ఎంత అవసరమో తెలుస్తుంది.

మెనెందెజ్ పిదాల్: వ్రాతప్రతి, నోటిపాట

రామోన్ మెనెందెజ్ పిదాల్ 1869లో లా కొరూన్యాలో జన్మించారు. మెనెందెజ్ పెలాయోకు శిష్యులు. 1896లో లారా రాకుమారుల గాథపై ఆయన వెలువరించిన గ్రంథం కొత్త పద్ధతికి తొలి నిదర్శనం. నష్టమైపోయిన వీరగాథల పంక్తులు మధ్యయుగపు వచన చరిత్రల్లో దాగి ఉన్నాయని ఆయన గుర్తించారు. వచనంలో మిగిలిన ప్రాసలను, లయను ఆధారం చేసుకొని ఆ గాథల రూపాన్ని పునర్నిర్మించే ప్రయత్నం చేశారు. సాహిత్య చరిత్రకారునికి భాషాశాస్త్రం తెలియకపోతే ఆ పంక్తులు కనబడేవి కావు. భాషాశాస్త్రవేత్తకు గాథాసంప్రదాయం తెలియకపోయినా కనబడేవి కావు. ఆయన జీవితకాల పరిశోధనకు ఈ సంధిస్థలమే ఆధారం.

1899లో ఆయనకు మాడ్రిడ్ విశ్వవిద్యాలయంలో లాటిన్, కాస్తీలియన్ భాషల తులనాత్మక ఫిలాలజీ పీఠం లభించింది. 1904లో చారిత్రక వ్యాకరణ పాఠ్యగ్రంథం, 1908–1911 మధ్య 3 సంపుటాల సిద్ గాథ పరిష్కరణ వెలువడ్డాయి. సిద్ గాథకు మిగిలినది ఒకే ఒక్క వ్రాతప్రతి. మొదటి పత్రం లేదు. 3,700కు పైగా పంక్తులున్న ఆ కావ్యానికి ఆయన పాఠంతోపాటు వ్యాకరణాన్నీ పదకోశాన్నీ సమకూర్చారు. కావ్యాన్ని పరిష్కరించడమంటే ఆ కావ్యభాషకు సంపూర్ణమైన వర్ణన ఇవ్వడమన్న సూత్రం ఇక్కడ స్థిరపడింది.

రెండో సూత్రం ఒక ప్రయాణంలో లభించింది. 1900లో మరియా గోయ్రితో వివాహమైన తరువాత ఆ దంపతులు సిద్ నడిచినట్లు గాథ చెప్పే మార్గంలో ప్రయాణించారు. బుర్గో దె ఓస్మాలో బట్టలుతికే ఒక స్త్రీకి గోయ్రి ఒక రొమాన్సేను, అంటే ప్రాచీన గాథాగేయాన్ని, వినిపించారు. ఆమె అది తనకూ తెలుసునని, మరికొన్ని కూడా తెలుసునని చెప్పి పాడింది. ఆ పాటల్లో ఒకటి 1497లో మరణించిన రాకుమారుడు హువాన్‌ను గురించినది. కాస్తీల్ పల్లెల్లో మౌఖిక గాథాసంప్రదాయం అంతరించిందని పండితులు భావిస్తున్న కాలమది. నాలుగు శతాబ్దాలు గ్రంథాలకు ఎక్కకుండా ఒక పాట నోటి నుంచి నోటికి నడిచి వచ్చిందన్న సత్యం ఆ దంపతుల పరిశోధన దిశను మార్చింది. అనంతరం వారు సేకరించిన పాఠాంతరాలు వేల సంఖ్యకు చేరాయి. 1492లో బహిష్కృతులైన స్పానిష్ యూదుల సంతతి మధ్యధరా తీరనగరాల్లో పాడుకొనే గేయాలు, దక్షిణ అమెరికాలో లభించిన గేయాలు కూడా అందులో చేరాయి. 1920లో మెనెందెజ్ పిదాల్ గ్రానడాలో పాటలు సేకరించినప్పుడు వెంట నడిచిన యువకుడు ఫెదెరికో గార్సియా లోర్కా.

మరియా గోయ్రి కృషిని భర్త పేరు చాటున మాత్రమే చూడటం న్యాయం కాదు. మాడ్రిడ్‌లో తత్త్వసాహిత్య విభాగంలో చదివిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. 1892లో తరగతులకు హాజరు కావడానికి ప్రత్యేక అనుమతి అవసరమైంది. నడవాలో నిలవకుండా, ఆచార్యుని వెంట తరగతిలో ప్రవేశించాలన్నది ఆమెకు విధించిన నియమం. 1896లో పట్టం, 1909లో డాక్టరేట్ పొందారు. గేయ సేకరణకు అనువైన సూచికలు, పాఠాంతరాల వర్గీకరణ ఆమె చేతి మీదుగా సాగాయి. స్పానిష్ ఫిలాలజీ పుట్టుకలోనే విద్యాలయ ద్వారం వద్ద నిలబెట్టిన ఒక విదుషి, నిరక్షరాస్యురాలైన ఒక గాయని ఉన్నారన్నది ఈ శాస్త్ర చరిత్రలో విస్మరించరాని విషయం.

చరిత్రాధ్యయన కేంద్రం

1898లో క్యూబా, ప్యూర్టో రికో, ఫిలిప్పీన్స్ చేజారిన తరువాత స్పెయిన్ మేధావులు దేశ పతనానికి కారణాలను విద్యలో వెతికారు. 1907 జనవరిలో ఏర్పడిన ఉన్నతాధ్యయన విస్తరణ మండలి ఆ మథనానికి ఫలితం. నాడీకణ పరిశోధనకు అంతకు ముందటి సంవత్సరమే నోబెల్ బహుమతి పొందిన సాంతియాగో రామోన్ ఇ కాహాల్ దానికి అధ్యక్షులు. యువ పరిశోధకులను విదేశాలకు పంపడం, తిరిగి వచ్చినవారికి స్వదేశంలో పరిశోధనాలయాలు కల్పించడం మండలి లక్ష్యాలు. ఆ క్రమంలో 1910 మార్చిలో చరిత్రాధ్యయన కేంద్రం ఏర్పడింది. దాని నాయకత్వం మెనెందెజ్ పిదాల్‌కు దక్కింది.

కేంద్రం పట్టాలిచ్చే కళాశాల కాదు. ఆచార్యుడు, శిష్యుడు ఒకే బల్ల చుట్టూ కూర్చొని పత్రాలు, చీటీలు, వ్రాతప్రతుల ఛాయాచిత్రాలతో పనిచేసే కార్యశాల. 1914లో ప్రారంభమైన స్పానిష్ ఫిలాలజీ పత్రిక ఆ పనికి వేదిక. మెక్సికో నుంచి వచ్చిన అల్ఫోన్సో రేయెస్ వంటివారు కూడా అక్కడ పనిచేశారు. అమెరికో కాస్త్రో 1925లో సెర్వాంతెస్ ఆలోచనాలోకంపై వెలువరించిన గ్రంథం, దామాసో అలోన్సో 1935లో గోంగోరా కావ్యభాషపై వెలువరించిన గ్రంథం ఆ పత్రిక అనుబంధ సంపుటాలుగా వచ్చాయి. గోంగోరాను అర్థం కాని కవి అని రెండు శతాబ్దాలకు పైగా పక్కన పెట్టారు. లాటిన్ పదాల దిగుమతి, పదక్రమ భంగం, పునరుక్త సూత్రాలు అన్నిటినీ లెక్కించి వర్గీకరించిన దామాసో అలోన్సో ఆ క్లిష్టతకు ఒక క్రమం ఉందని నిరూపించారు. స్వయంగా కవి అయిన పరిశోధకుడు భాషాశాస్త్ర పరికరాలతో కావ్యమర్మాన్ని తెరిచిన సందర్భమది.

ఆ కేంద్రం సాధించిన ఫలితాలలో శిఖరప్రాయమైనది 1926లో వెలువడిన ‘స్పానిష్ భాష మూలాలు’ అనే గ్రంథం. పదకొండో శతాబ్ది వరకు లభించిన దానపత్రాలు, మఠాల వ్రాతప్రతుల అంచుల్లో రాసిన అర్థవివరణలు దానికి ఆకరాలు. వ్రాయసకాడు లాటిన్ రాస్తున్నాననుకుంటూ చేసిన ‘తప్పు’లన్నీ మెనెందెజ్ పిదాల్‌కు అప్పటి వ్యవహారానికి సాక్ష్యాలయ్యాయి. లాటిన్ పదాది ‘ఫ’కారం కాస్తీల్‌లో ‘హ’కారమై క్రమంగా లోపించిన తీరును ఆయన ఈ పత్రాల నుంచే చూపారు. లాటిన్ ‘ఫిలియుస్’ నేటి ‘ఈహో’ (కుమారుడు), ‘ఫరీనా’ నేటి ‘అరీనా’ (పిండి) అయ్యాయి. తెలుగు ‘పాలు’, ‘పులి’ పదాలకు కన్నడంలో ‘హాలు’, ‘హులి’ రూపాలను ఎరిగిన పాఠకులకు ఇటువంటి మార్పు స్వభావం సుపరిచితం. ఆ మార్పు ఒక్కసారిగా రాలేదని, పాత రూపం, కొత్త రూపం శతాబ్దాలపాటు పక్కపక్కనే పోటీపడ్డాయని ఆయన నిరూపించారు. ధ్వనిసూత్రాలకు మినహాయింపు లేదన్న జర్మన్ నవ్యవైయాకరణుల సిద్ధాంతానికి ఇది తీవ్రమైన సవరణ. ధ్వని మార్పుకు భూగోళం ఉంది, సామాజిక గౌరవం ఉంది, కాలవ్యవధి ఉంది.

ధ్వనిశాస్త్రం, భాషాపటం

కేంద్రంలో ధ్వనిశాస్త్ర ప్రయోగశాలను నిర్మించినవారు తొమాస్ నవార్రో తొమాస్. 1918లో ఆయన ప్రచురించిన ఉచ్చారణ గ్రంథం అనేక దేశాల్లో స్పానిష్ బోధనకు ఆధారమైంది. ఆయన నేతృత్వంలో తలపెట్టిన ఐబీరియా ద్వీపకల్ప భాషాపటం కేంద్రపు అతిపెద్ద సామూహిక కార్యక్రమం. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లోని లాటిన్ పుత్రికా భాషల మాండలికాలన్నిటినీ, అంటే కాస్తీలియన్‌తోపాటు గలీసియన్, పోర్చుగీసు, కతలాన్ ప్రాంతాలను కూడా, ఒకే ప్రశ్నావళితో పరిశీలించాలని సంకల్పించారు. ఎంచుకున్న గ్రామాలు 500కు పైగా ఉన్నాయి. స్థానికులై, ఎక్కువ చదువుకోని పెద్దవయసు రైతులు, కాపరులు ప్రధాన వ్యవహర్తలు. పరిశోధకులు గ్రామానికి వెళ్లి, రోజుల తరబడి కూర్చొని, ప్రతి సమాధానాన్ని సూక్ష్మమైన ధ్వనిలిపిలో చేతిరాతతో నోటుపుస్తకాల్లో నమోదు చేశారు.

1931లో మొదలైన క్షేత్రపర్యటన 1936 వేసవికి చాలావరకు పూర్తయింది. పోర్చుగల్ పని, కతలాన్ ప్రాంతంలో కొంత పని మిగిలాయి. జూలైలో సైనిక తిరుగుబాటు జరిగింది. పోర్చుగల్ ఉత్తర ప్రాంతంలో సేకరణలో ఉన్న అనిబల్ ఒతేరోను అక్కడి అధికారులు పట్టుకొని తిరుగుబాటు సేనలకు అప్పగించారు. ఆయన వద్ద దొరికిన నోటుపుస్తకాల్లోని ధ్వనిలిపి గూఢలిపి అన్న అనుమానానికి తావిచ్చింది. మరణశిక్ష విధించారు. తరువాత దానిని జైలుశిక్షగా మార్చారు. 1941లో విడుదలయ్యే వరకు ఆయన బందీగానే ఉన్నారు. మరొక పరిశోధకుడు మానుయెల్ సాంచిస్ గ్వార్నెర్ రిపబ్లిక్ పక్షాన నిలిచినందుకు యుద్ధానంతరం జైలు పాలయ్యారు. ఒక రైతు ‘మేక’ను ఏ స్వరంతో పలుకుతాడో రాసుకోవడం ప్రాణాపాయమైన పరిస్థితి అది. ఈ ఉదంతం ఆ కాలపు హింసకు మాత్రమే ఉదాహరణ కాదు. లిపి తెలియని అధికారానికి శాస్త్రం ఎలా కనిపిస్తుందో కూడా చెబుతుంది.

విచ్ఛేదం, వలస

యుద్ధకాలంలో నవార్రో తొమాస్ జాతీయ గ్రంథాలయానికి బాధ్యత వహించారు. 1939 జనవరి చివర కవి ఆంతోనియో మచాదోతోపాటు ఫ్రాన్స్ సరిహద్దు దాటారు. మచాదో కొద్ది వారాలకే ఫ్రాన్స్‌లోని కొలియూర్‌లో మరణించారు. నవార్రో తొమాస్ న్యూయార్క్ చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో బోధించారు. భాషాపటం నోటుపుస్తకాలు ఆయనతోనే సముద్రం దాటాయి. అమెరికో కాస్త్రో ప్రిన్‌స్టన్‌లో స్థిరపడ్డారు. సమకాలీన సాహిత్య విభాగాన్ని నడిపిన కవి పెద్రో సాలినాస్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోనే మరణించారు. లోర్కా 1936 ఆగస్టులో గ్రానడా సమీపంలో హత్యకు గురయ్యారు. 1939లో కొత్త ప్రభుత్వం పాత మండలిని రద్దు చేసి, దాని భవనాలను, ఆస్తులను కొత్తగా నెలకొల్పిన శాస్త్ర పరిశోధన మండలికి అప్పగించింది. మెనెందెజ్ పిదాల్ ఫ్రాన్స్, క్యూబా, న్యూయార్క్‌లలో గడిపి 1939లో మాడ్రిడ్‌కు తిరిగి వచ్చారు. కేంద్రం ఆయనకు తిరిగి దక్కలేదు. తన ఇంటి గ్రంథాలయంలోనే పరిశోధన సాగించారు. 1947లో అకాడమీ అధ్యక్షపదవికి మళ్ళీ ఎన్నికై 1968లో, 99వ ఏట మరణించే వరకు ఆ పదవిలో ఉన్నారు.

సంస్థ కూలిన తరువాత విద్య నిలవడానికి కారణం యుద్ధానికి పూర్వమే అది మాడ్రిడ్‌కు పరిమితం కాకపోవడం. 1923లో బ్యూనస్ ఎయిర్స్ విశ్వవిద్యాలయంలో ఫిలాలజీ సంస్థ ఏర్పడింది. అమెరికో కాస్త్రో దాని తొలి సంచాలకులు. 1927 నుంచి 1946 వరకు దానిని నడిపినవారు అమాదో అలోన్సో. డొమినికన్ రిపబ్లిక్‌కు చెందిన పెద్రో హెన్రీకెస్ ఉరేన్యా ఆయనకు ప్రధాన సహకారి. అమెరికా స్పానిష్ ఆండలూసియా మాండలికానికి కేవల శాఖ కాదని, ఖండంలోనే స్వతంత్ర పరిణామాలు జరిగాయని ఉరేన్యా వాదించారు. వారిద్దరూ కలిసి పాఠశాలల కోసం వ్యాకరణం రాశారు. అమాదో అలోన్సో 1945లో సోస్యూర్ సామాన్య భాషాశాస్త్ర గ్రంథాన్ని స్పానిష్‌లోకి అనువదించారు. ఆ అనువాదం ద్వారానే స్పానిష్ ప్రపంచంలో ఒక తరం నిర్మాణవాద భాషాశాస్త్రాన్ని నేర్చుకుంది.

బ్యూనస్ ఎయిర్స్‌లో కూడా ఈ స్థిరత్వం నిలవలేదు. 1946లో పెరోన్ ప్రభుత్వం ఏర్పడిన కాలంలో విశ్వవిద్యాలయాల్లో జోక్యం, తొలగింపులు సాగాయి. అమాదో అలోన్సో హార్వర్డ్‌కు వెళ్లారు. హెన్రీకెస్ ఉరేన్యా అదే ఏడాది మేలో తరగతి చెప్పడానికి వెళుతూ రైలులోనే మరణించారు. బ్యూనస్ ఎయిర్స్‌లో 1939లో మొదలైన హిస్పానిక్ ఫిలాలజీ పత్రిక ఆగిపోయింది. అయితే 1947లో అదే పేరుకు ‘నూతన’ అన్న విశేషణం చేర్చుకొని మెక్సికో కళాశాల నుంచి మళ్ళీ వెలువడింది. ఆ కళాశాలకు మూలం 1938లో అధ్యక్షుడు లాసారో కార్దెనాస్ స్పానిష్ మేధావులకు ఆశ్రయంగా నెలకొల్పిన స్పెయిన్ భవనం. 1940లో అది కళాశాలగా మారింది. దాని అధ్యక్షుడు ఒకప్పుడు మాడ్రిడ్ కేంద్రంలో ఆశ్రయం పొందిన అల్ఫోన్సో రేయెస్. మాడ్రిడ్ పెట్టిన విద్యాఋణం మెక్సికోలో తీరింది. బ్యూనస్ ఎయిర్స్‌లో శిక్షణ పొందిన ఆంహెల్ రోసెన్‌బ్లాత్ కరాకస్‌లో ఆంద్రెస్ బెయ్యో పేరుతో ఫిలాలజీ సంస్థను నడిపారు. బెయ్యో విడిచి వెళ్లిన నగరానికి ఆయన శాస్త్రం ఆ విధంగా చేరుకుంది.

స్పెయిన్‌లో మిగిలినవారు కూడా పనిని విడువలేదు. రాఫాయెల్ లపేసా 1942లో ‘స్పానిష్ భాషా చరిత్ర’ తొలి ముద్రణ వెలువరించారు. ప్రతి కొత్త ముద్రణలోనూ పెరుగుతూ అది దశాబ్దాలపాటు ప్రామాణిక పాఠ్యగ్రంథంగా నిలిచింది. జోన్ కొరోమినెస్ అర్జెంటీనాలోని మెందోసాలో ప్రారంభించి చికాగోలో కొనసాగించిన వ్యుత్పత్తి నిఘంటువు 1954–1957 మధ్య 4 సంపుటాలుగా వచ్చింది. భాషాపటం నోటుపుస్తకాలు 1951లో మాడ్రిడ్‌కు తిరిగి వచ్చాయి. మిగిలిన గ్రామాల సేకరణ పూర్తయి 1962లో 75 పటాలతో తొలి సంపుటం వెలువడింది. రెండో సంపుటం రాలేదు. చెల్లాచెదరైన నోటుపుస్తకాలను డేవిడ్ హీప్ శతాబ్ది చివర వెతికి పట్టుకొని నకళ్లు తీసిన తరువాతే ఆ సామగ్రి అంతర్జాలం ద్వారా పరిశోధకులకు అందింది.

వివాదాలు, పరిమితులు

ఈ పాఠశాల సాధించిన విజయాలతోపాటు దాని పరిమితులనూ గుర్తించాలి. మొదటిది కాస్తీల్ కేంద్రిత దృష్టి. మెనెందెజ్ పిదాల్ చరిత్రలో కాస్తీల్ ఒక చీలికలాగా ముందుకు చొచ్చుకువచ్చి, ఇరుగుపొరుగు భాషాప్రాంతాలను పక్కకు నెట్టి జాతిని ఏకం చేస్తుంది. భాషాపటంలో కతలాన్, గలీసియన్ భాషలకు స్థానమిచ్చిన శాస్త్రమే, భాషాచరిత్ర కథనంలో వాటిని అంచులకు పరిమితం చేసింది. ఆ భాషలను బహిరంగ వ్యవహారం నుంచి, పాఠశాలల నుంచి తొలగించిన ప్రభుత్వ కాలంలో ఈ కథనం రాజకీయ ప్రయోజనానికి పనికివచ్చింది. అది మెనెందెజ్ పిదాల్ ఉద్దేశం కాకపోవచ్చు. కాని కథన నిర్మాణానికి ఆ అవకాశం ఉంది.

రెండోది ప్రమాణ నిర్ణయాధికారం. 1941లో అమెరికో కాస్త్రో బ్యూనస్ ఎయిర్స్ వ్యవహారభాషపై రాసిన గ్రంథం అక్కడి రూపాలను ఒక సామాజిక వ్యాధికి లక్షణాలుగా పరిగణించింది. హోర్హె లూయిస్ బోర్హెస్ దానిని తీవ్రమైన వ్యంగ్యంతో ఖండించారు. స్పెయిన్‌లో లేని రోగాన్ని అర్జెంటీనాలో కనుగొనడం శాస్త్రం కాదన్నది ఆయన వాదసారం. పల్లెటూరి గాయని పాటను ప్రమాణంగా స్వీకరించిన సంప్రదాయం నుంచి వచ్చిన పండితుడు నగర సామాన్యుల మాటను దోషంగా చూడటం గమనార్హం. పల్లెమాటకు ప్రాచీనత అనే గౌరవం ఉంది. నగరంలో పుట్టిన కొత్త మాటకు ఆ రక్షణ లేదు. ఫిలాలజీ తనకు తెలియకుండానే పాతదానికి పక్షపాతిగా ఉండిపోయింది.

మూడోది వ్యక్తి, సంప్రదాయాలకు సంబంధించిన వాదం. సిద్ గాథ 1140 ప్రాంతంలో సంఘటనలకు దగ్గరగా, మౌఖిక సంప్రదాయంలో పుట్టిందని మెనెందెజ్ పిదాల్ జీవితాంతం వాదించారు. వ్రాతప్రతి చివరి వాక్యం సూచించే 1207కు దగ్గరలో, న్యాయవ్యవహారం ఎరిగిన ఒక విద్యావంతుడు రచించాడని తరువాతి పండితులు ప్రతిపాదించారు. నేడు రెండో కాలనిర్ణయం వైపే మొగ్గు ఎక్కువ. అయినా ఆ వాదం సాగింది ఆయన సమకూర్చిన పాఠం, వ్యాకరణం, పదకోశాల ఆధారంగానే. గురువు నిర్ణయాన్ని ఖండించడానికి గురువు ఇచ్చిన పరికరాలే చాలినప్పుడు ఆ శాస్త్రం ఆరోగ్యంగా ఉన్నట్లే లెక్క.

తెలుగు అధ్యయన చరిత్రతో సామ్యం

1962లోనే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో వెలువరించింది. ఈ రెండు గ్రంథాలకు పరస్పర సంబంధం లేదు. కాని రెండూ రైతు నోటిమాటను శాస్త్రీయ ప్రమాణంగా స్వీకరించాయి. రెండూ క్షేత్రపర్యటనపై ఆధారపడ్డాయి. ఐబీరియా పటం ధ్వనిభేదాలతో ప్రారంభించి ఆగిపోగా, తెలుగు కోశం వృత్తుల వారీగా సంపుటాలను కొనసాగించింది. అంతకు ముందే గిడుగు వెంకట రామమూర్తి ఒకవైపు పూర్వ గ్రంథాల్లోని వ్యవహార రూపాలను ఎత్తి చూపుతూ, మరొకవైపు లిపి లేని సవర భాషకు వ్యాకరణం రచించారు. వ్రాతప్రతినీ నోటిమాటనూ ఒకే ప్రమాణవిచారణలోకి తెచ్చిన దృష్టి ఆయనలో ఉంది. మెనెందెజ్ పిదాల్‌కు దొరికిన కార్యశాల మాత్రం ఆయనకు దొరకలేదు.

సామ్యం కన్న భేదమే ఎక్కువ బోధప్రదం. స్పానిష్ అధ్యయనంలో పరిష్కర్త, ధ్వనిశాస్త్రవేత్త, గేయసేకర్త, విమర్శకుడు తొలిదశలో ఒకే గదిలో కూర్చున్నారు. తరువాతి కాలంలో భాషాశాస్త్రం, సాహిత్యం అక్కడా వేర్వేరు మార్గాలు పట్టాయి. అయినా ఆ తొలి తరం నిర్మించిన ఆకరాలు, అంటే పరిష్కృత పాఠాలు, గేయభాండారం, నోటుపుస్తకాలు, రెండు వర్గాలకూ ఉమ్మడి ఆస్తిగా మిగిలాయి. తెలుగులో భాషాశాస్త్రానికి, సాహిత్యానికి, జానపద విజ్ఞానానికి వేర్వేరుగా ఘనమైన కృషి జరిగింది. వాటికి ఉమ్మడి ఆకరాల నిర్మాణం ఇంకా మిగిలి ఉన్న కర్తవ్యం.

ముగింపు

మాడ్రిడ్ చరిత్రాధ్యయన కేంద్రం చరిత్ర నుంచి మూడు నిర్ధారణలు తేలుతున్నాయి. మొదటిది, భాషాసాహిత్యాల ఏకత్వం సిద్ధాంతంగా కాక పనిలో రుజువైంది. సిద్ గాథ పరిష్కరణ, గోంగోరా అధ్యయనం, భాషామూలాల గ్రంథం ఈ ఏకత్వం లేకుండా సాధ్యమయ్యేవి కావు. రెండోది, ఆ విద్య భవనాల వల్ల కాక శిష్యపరంపర, పత్రిక, నోటుపుస్తకాల వల్ల నిలిచింది. ఒక నగరంలో మూతపడిన పత్రిక మరొక నగరంలో తెరుచుకోగలిగింది. మూడోది, ప్రమాణం ఎవరిదన్న ప్రశ్న ఏ తరంలోనూ ముగియలేదు. నెబ్రిహా సామ్రాజ్యానికి తోడుగా భావించిన భాష నేడు మెక్సికోలో అత్యధిక సంఖ్యాకుల మాతృభాష. 2009లో వెలువడిన నూతన స్పానిష్ వ్యాకరణాన్ని మాడ్రిడ్ అకాడమీ ఒక్కటే కాక స్పానిష్ దేశాల అకాడమీలన్నీ కలిసి ప్రకటించాయి. 1847లో సాంతియాగో నుంచి బెయ్యో చేసిన ప్రతిపాదనకు లభించిన ఆలస్యపు అంగీకారం అది.

బుర్గో దె ఓస్మాలో పాట పాడిన ఆ రజకస్త్రీ పేరు పండితలోకానికి అందలేదు. భాషాపటం నోటుపుస్తకాల్లో మాత్రం మాట చెప్పిన రైతుల వివరాలను పరిశోధకులు నమోదు చేశారు. ఆ మూడు దశాబ్దాల్లో ఫిలాలజీ నడిచిన దూరాన్ని ఈ రెండు అంశాల మధ్య భేదంతో కొలవవచ్చు.